సీతాఫలం తొక్క రంగు: పసుపు కలిసిన మెత్తని పచ్చను డిజైన్‌లో వాడే పద్ధతి

సీతాఫలాల కాలంలో షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా 44వ జాతీయ రహదారి పక్కన గంపలు బారులు తీరి ఉంటాయి. దేశంలో చాలాచోట్ల తోటల్లో పెంచే బాలానగర్ రకం సీతాఫలానికి పేరిచ్చిన ఊరు ఈ దారిలోనే ఉంది. ఆ గంపల్లోని కాయ రంగు గురించే ఈ వ్యాసం. అది చిలకపచ్చ కాదు, నిమ్మపండు పసుపూ కాదు. పసుపు, పచ్చ కలిశాక పైన కాస్త బూడిద చల్లిన రంగు. బట్టల వ్యాపారంలో దీనికి దగ్గరగా ఉండే ఛాయలను మెహందీ రంగు అంటారు. ఇక్కడ మాత్రం సీతాఫలం రంగు అనే పిలుస్తాను.

ఒంటరిగా చూస్తే ఈ రంగు ఎవరినీ ఆకట్టుకోదు. దుకాణంలో తానులన్నీ పరిచినా మొదట దీని మీద చేయి వేసేవారు తక్కువ. కానీ పక్కన సరైన రంగు పడిందంటే ఆ పక్క రంగుకు ఎక్కడలేని కళ వస్తుంది. అందుకే ఈ రంగుతో పని మొదలుపెట్టేవారు ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే: దీని పక్కన ఏది నిలవాలి? కింద చెప్పే మెట్లన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

1. ముందు కాయను చూడండి

కంప్యూటర్ తెరవకముందే ఒక సీతాఫలం తెచ్చుకోండి. మరీ పిందె వద్దు, మెత్తబడి నల్లబడుతున్నదీ వద్దు. కళ్లు విచ్చుకోవడం మొదలైన కాయ కావాలి. ఎండ నేరుగా పడని వరండాలో, ఉదయం పూట, తెల్ల కాగితం మీద పెట్టి చూడండి.

ఉబ్బిన కన్ను మీద బూడిద పూసిన పచ్చ ఉంటుంది. కన్ను అంచుకు వచ్చేసరికి అది పసుపులోకి జారుతుంది. రెండు కళ్ల మధ్య చీలికలో లేత మీగడ పసుపు కనిపిస్తుంది. తొడిమ దగ్గర ఎండుకట్టె గోధుమరంగు. బొటనవేలితో ఒక కన్నును రుద్దితే పైనున్న పూత చెదిరి అడుగున ఇంకాస్త ముదురు పచ్చ బయటపడుతుంది. కాయ మాగాక విప్పితే లోపల తెల్లని గుజ్జు, నిగనిగలాడే నల్ల గింజలు.

నడిమి రంగు, లేత రంగు, చీకటి రంగు మూడూ ఒక్క కాయలోనే దొరికాయి. లేనిదల్లా ఒక వెచ్చని, గాఢమైన రంగు. దాన్ని మనమే బయటి నుంచి తేవాలి. ఈ పనిలో అసలు నైపుణ్యం అంతా అక్కడే ఉంది.

ఫోనులో ఫొటో తీసి దానిలోంచి రంగు తీసుకోవాలనుకుంటే తెల్ల కాగితం కూడా ఫొటోలో పడేలా తీయండి. ఫోను కెమెరా వెలుతురును బట్టి రంగులను తనకు తానే సరిచేస్తుంది. కాగితం నీలంగానో పసుపుగానో పడితే కాయ రంగు కూడా అంతే తప్పిందని తెలుస్తుంది. కాగితం తెల్లబడేదాకా సరిచేశాకే రంగు తీసుకోండి.

2. అంకెల్లోకి మార్చండి

తెర మీద రంగును మూడు అంకెలతో చెప్పే హెచ్‌ఎస్‌ఎల్ పద్ధతి ఈ పనికి బాగా అనువైనది. మొదటిది రంగుల చక్రంలో కోణం. అందులో పసుపు 60 డిగ్రీల దగ్గర, పచ్చ 120 దగ్గర ఉంటాయి. మన రంగు 60కీ 80కీ మధ్య దొరుకుతుంది. రెండోది గాఢత. చిలకపచ్చకు 80 శాతం దాకా ఉండవచ్చు కానీ మనకు 20 నుంచి 35 శాతం చాలు. మూడోది వెలుగు. నడిమి రంగుకు 40 నుంచి 50 శాతం పెట్టండి.

నేను మొదలుపెట్టే చోటు ఇది: కోణం 65, గాఢత 30 శాతం, వెలుగు 45 శాతం. ఎరుపు, పచ్చ, నీలం పాళ్లను వరుసగా 0 నుంచి 255 దాకా అంకెలతో చెప్పే ఆర్‌జీబీలో ఇది ఎరుపు 143, పచ్చ 149, నీలం 80 అవుతుంది. ఎరుపు, పచ్చ అంకెలు దాదాపు సమానంగా ఉండి నీలం వాటికి సగానికి కాస్త పైన ఉందని గమనించండి. ఆ లక్షణం గుర్తుంటే ఏ అంకెలు చూసినా అది ఈ కుటుంబానికి చెందినదో కాదో ఇట్టే చెప్పవచ్చు.

గాఢత ఎందుకు తగ్గించాలంటే, మన కంటికి పగటి వెలుతురులో అన్నిటికన్నా ప్రకాశంగా తోచేది 555 నానోమీటర్ల దగ్గరి కాంతి. అది సరిగ్గా పసుపుపచ్చకూ ఆకుపచ్చకూ మధ్యలోనే ఉంటుంది. రోడ్డు పని చేసేవారికి ఆ రంగు మెరుపు జాకెట్లు ఇచ్చేది దూరం నుంచే కంటబడాలని. అదే రంగును గాఢంగా ఒక పోస్టరు నిండా పరిస్తే పక్కన ఏ రంగూ బతకదు. గాఢత 30 దగ్గరికి దించితే అది వెనక్కి జరిగి మిగతా రంగులకు చోటిస్తుంది. మరీ 15 కన్నా దిగితే మాత్రం పసుపు చచ్చిపోయి మురికినీటి రంగు మిగులుతుంది. ఆ గీత దాటవద్దు.

3. మెట్లు కట్టండి

ఒకే రంగుతో ఏ డిజైనూ నడవదు. అదే రంగుకు లేత నుంచి చీకటి దాకా కొన్ని మెట్లు కావాలి. ఆర్‌జీబీలో వరుసగా: లేతది 232, 234, 215. దాని తరువాతి మెట్టు 196, 200, 157. నడిమి రంగు పైన చెప్పినదే. ముదురుది 105, 109, 59. చివరి చీకటి మెట్టు 60, 59, 32.

చివరి మెట్టులో ఎరుపు అంకె పచ్చను దాటడం పొరపాటు కాదు. పసుపును నల్లబరుస్తూ పోతే కంటికి అది పచ్చబారినట్టు కనిపిస్తుంది. పసుపు రంగులో నలుపు కలిపి చూసిన చిత్రకారులందరికీ ఇది తెలుసు, వచ్చేది ఆలివ్ పచ్చే. కాబట్టి చీకటి మెట్టుకు వెళ్లేటప్పుడు కోణాన్ని 65 నుంచి 58కి, అంటే కాస్త పసుపు వైపుకు లాగాలి. అప్పుడే మెట్లన్నీ ఒక తల్లి బిడ్డల్లా ఉంటాయి.

స్వచ్ఛమైన తెలుపును ఈ మెట్ల పక్కన వెడల్పుగా పరచకండి. దాని పక్కన సీతాఫలం రంగు మాసినట్టు కనిపిస్తుంది. 244, 238, 220 లాంటి మీగడ రంగు పెడితే ఆ మాసిన తనమే మెత్తదనం అనిపిస్తుంది.

4. పక్క రంగును ఎంచండి

ఇక్కడ తొందర వద్దు. 19వ శతాబ్దం తొలి భాగంలో పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల విభాగానికి డైరెక్టరుగా ఉన్న రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్‌కు, నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదు వచ్చింది. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. ఆ దారాన్ని ఏ రంగుల పక్కన నేశారో వాటి వల్ల నలుపు చిక్కదనం తగ్గినట్టు కనబడింది. ప్రతి రంగూ తన పక్కనున్న రంగును తనకు ఎదురుగా ఉండే రంగు వైపు తోస్తుందని ఆయన తేల్చారు. మగ్గం దగ్గర పుట్టిన ఈ విషయం మన మగ్గాల దగ్గర కూడా అక్షరాలా నిజం.

చిత్రకారుల చక్రంలో పసుపుపచ్చకూ ఆకుపచ్చకూ నడుమనున్న రంగుకు ఎదురుగా ఉండేది ఎరుపు కలిసిన ఊదా. అంటే మన వంకాయ రంగు, దాని పక్కనే మెరూన్. సీతాఫలం రంగు పక్కన ఇవి రెండూ నిండుగా వెలుగుతాయి. వంకాయకు 84, 40, 80, మెరూన్‌కు 110, 30, 45 తీసుకుని చూడండి. ఈ రెండిట్లో ఒకటి ఎంచమంటే మెరూన్‌కే నా ఓటు. వంకాయ రంగు పక్కన సీతాఫలం రంగులోని పసుపు మరీ పైకి తేలుతుంది. మెరూన్ దగ్గర పసుపూ పచ్చా సమంగా నిలుస్తాయి.

రెండో దారి మట్టి రంగులు. నల్లగొండ, మహబూబ్‌నగర్ చల్క నేలల ఎరుపును 160, 82, 52గా తీసుకోవచ్చు. వాన వెలిశాక దున్నిన చల్క పక్కన ఎండుగడ్డి గట్టును చూసినవారికి ఈ జత కొత్తది కాదు. ఇది మెరూన్ జతలా మెరవదు, గంటసేపు చూసినా అలసట రానివ్వదు. పుస్తకాల అట్టలకు, ఆహార పదార్థాల పొట్లాలకు ఇదే మంచిది.

మూడోది నీలిమందు నీలం: 38, 52, 92. ఇది చల్లని జత. పక్కన మీగడ రంగు తప్పక ఉండాలి, లేకపోతే మొత్తం చీకటిగా మారుతుంది.

ఇక పనికిరానివి. చిలకపచ్చ పక్కన పెడితే సీతాఫలం రంగు వాడిపోయిన ఆకులా కనిపిస్తుంది. నిమ్మ పసుపుతోనూ ఇంతే. సిమెంటు బూడిదలాంటి నీలి ఛాయ బూడిద రంగు పక్కన ఇది జబ్బుపడిన రంగులా తోస్తుంది. బూడిదే కావాలంటే గోధుమ ఛాయ ఉన్నది వెతకండి.

5. గద్వాల చీర మీద లెక్క

ఎంత వాడాలన్నది చెప్పడానికి గద్వాల చీరకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు. బాడీ నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ వేర్వేరు పోగులు, నేతలోనే ఒకదానితో ఒకటి ముడిపడతాయి. అంచు మీద కోటకొమ్మలు అనే కోసుల వరుస, జరీ. ఆ చీరను దూరంగా పరిచి చూస్తే నూటికి అరవై పాళ్లకు పైగా బాడీ రంగే, తరువాతి పెద్ద భాగం అంచూ కొంగూ, చివరి కొద్దిపాటి వంతు జరీ.

బాడీ సీతాఫలం రంగు, అంచు మెరూన్ అనుకుందాం. నూలు వెలుగును చెదరగొడుతుంది, పట్టు తిప్పికొడుతుంది. కాబట్టి బాడీ రంగు మరింత వెనక్కి తగ్గి అంచు ముందుకొస్తుంది. ఇది మనకు కావలసినదే. అదే రంగులను తారుమారు చేసి మెరూన్ నూలు బాడీకి సీతాఫలం రంగు పట్టు అంచు వేస్తే, పట్టు నిగారింపుకు ఆ రంగు ఇత్తడిలా మారి పక్కనున్న జరీతో కలిసిపోతుంది. కోటకొమ్మల గీతలు తెలియకుండా పోతాయి. అలా నేయాలనుకుంటే జరీ తగ్గించి, కొమ్మలను ముదురు రంగు పట్టుతో తేవాలి.

బాడీ, అంచు రెండూ ఒకే సీతాఫలం రంగులో కావాలంటే మరో చిక్కు ఉంది. నూలుకు, పట్టుకు అద్దకపు రంగుల జాతులే వేరు. పగటి వెలుతురులో సరిపోయిన రెండు పోగులు ట్యూబులైటు కింద ఒకటి పచ్చగా, ఒకటి గోధుమగా విడిపోవచ్చు. అద్దిన చిలపలను, అంటే పోగుల చుట్టలను, ఎండలో, ట్యూబులైటు కింద, పసుపు బల్బు కింద మూడుచోట్లా పక్కపక్కన పెట్టి చూశాకే మగ్గమెక్కించండి.

నారాయణపేట గళ్ల చీరలకైతే ఈ రంగు మరింత సులువుగా కుదురుతుంది. పడుగులోనూ (నిలువు పోగులు) పేకలోనూ (అడ్డం పోగులు) సీతాఫలం రంగు చారలు కలిసిన గడిలో అసలు రంగు, మెరూన్‌తో దాటిన చోట రెండింటి నడిమి రంగు దానంతటదే వస్తాయి. ఆ నడిమి రంగు గోధుమ. అందుకే చారలను మరీ సన్నగా వేయకండి, చీరంతా గోధుమగా కనిపిస్తుంది.

డబుల్ షేడ్ కావాలంటే పడుగు పసుపు, పేక ముదురు పచ్చ వేసి చూడండి. చీర కదిలినప్పుడు మడతల్లో పచ్చ, వెలుగు పడినచోట పసుపు తేలుతూ మొత్తం మీద సీతాఫలం రంగు కనబడుతుంది. పేకకు నలుపు వేసినా దూరానికి ఆలివ్ ఛాయ వస్తుంది కానీ దగ్గరికి వస్తే చుక్కలు చుక్కలుగా ఉంటుంది.

6. పోచంపల్లి పద్ధతిలో వాడేవారికి

భూదాన్ పోచంపల్లి, పుట్టపాక ఊళ్లు 2016 దాకా నల్లగొండ జిల్లాలోనివి, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చాయి. అక్కడ పోగులకు ముందే కట్లు కట్టి రంగు అద్ది తరువాత నేస్తారు, దీన్నే ఇక్కత్ అంటారు. ఈ పద్ధతిలో లేత రంగు ముందు, ముదురు రంగు తరువాత అద్దడం వాడుక. సీతాఫలం రంగు మొత్తానికి పట్టించి, దాని మీదే మెరూన్ అద్దితే వచ్చేది మెరూన్ కాదు, గోధుమ కలిసిన ఎరుపు. ఎదురెదురు రంగులు ఒకదాని మీద ఒకటి పడితే రెండూ మట్టిపాలవుతాయి. మెరూన్ శుభ్రంగా రావాలంటే, అది పడవలసిన చోట్లకు మొదటి అద్దకానికి ముందే కట్టు కట్టి తెల్లగా దాచాలి. కట్టే పని పెరుగుతుంది, ఫలితం మాత్రం ఆ శ్రమకు తగ్గదు.

ఇక్కత్ బొమ్మల అంచులు ఎప్పుడూ కొద్దిగా చెదిరి ఉంటాయి కదా. ఆ చెదిరిన చోట రెండు రంగులు కలుస్తాయి. సీతాఫలం రంగుకూ మెరూన్‌కూ మధ్య ఒక సన్నని తెల్ల గీత వదిలితే ఆ కలయిక కంపు చేయదు. నూనె పట్టించిన పోగులతో నేసే తేలియా రుమాలులో ఎరుపు, నలుపు, తెలుపు మూడే ఉండి కూడా బొమ్మలు అంత స్పష్టంగా కనిపించడానికి తెలుపును అలా నడుమ నిలపడం ఒక కారణం.

సహజమైన అద్దకం కోరేవారికి దానిమ్మ తొక్క ఉంది. పటిక పట్టించిన నూలుకు దానిమ్మ తొక్క కషాయం పసుపునిస్తుంది. దాన్ని ఇనుప నీటిలో, అంటే పాత ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టిన కషాయంలో, ముంచి తీస్తే ఆ పసుపు ఆలివ్ పచ్చలోకి తిరుగుతుంది. ముంచేది క్షణాల సేపే. రంగు చాలలేదనిపిస్తే కడిగి, ఆరబెట్టి, మళ్లీ ముంచండి. ఇనుము ఎక్కువైతే రంగు నల్లబడటమే కాదు, పోగు బలం కూడా పోతుంది. మన బోరు నీళ్ల కాఠిన్యం ఊరికో తీరుగా ఉంటుంది కాబట్టి నమూనా చిలపను ఏ నీళ్లతో అద్దారో అసలు పనినీ ఆ నీళ్లతోనే చేయండి. పసుపు కొమ్ములతో మాత్రం వద్దు. ఎండకు ఆ రంగు నిలవదు.

7. అక్షరాల సంగతి

తెర మీద పనిచేసేవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నడిమి సీతాఫలం రంగు మీద తెల్ల అక్షరాలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. చదవడానికి ఉండవు. వాటి మధ్య వెలుగు తేడా 3.2:1 మాత్రమే. మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద శీర్షికలకు 3:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. అంటే తెల్లని శీర్షిక అంచుమీద గట్టెక్కుతుంది, పేరా నిలవదు. తెలుగు లిపిలో ఇది ఇంకా ముఖ్యం. ఒత్తులు, గుడులు, తలకట్లు అసలు అక్షరం కన్నా చాలా చిన్నవి, తేడా తగ్గితే ముందు మాయమయ్యేవి అవే.

దీనికి రెండు పరిష్కారాలు. ముదురు మెట్టు మీద తెల్ల అక్షరాలు పెడితే తేడా 5.4:1. లేత మెట్టు మీద చీకటి మెట్టు అక్షరాలు పెడితే 9:1 దాటుతుంది. పొడుగాటి వ్యాసాలకు రెండోదే వాడండి. నడిమి రంగు మీద చల్క ఎరుపుతో ఎప్పుడూ రాయకండి, తేడా 2:1 కూడా లేదు. ఎరుపు, పచ్చ విడదీసి చూడలేని కళ్లకు అక్కడ అక్షరమే ఉండదు. ఏ జత తయారుచేసినా ఒకసారి మొత్తాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అప్పుడు కూడా బొమ్మ అర్థమైతే జత సరైనదే.

8. అచ్చుకు పంపేటప్పుడు

ఈ రంగు అచ్చులో మిమ్మల్ని మోసం చేయదు. మెరుపు రంగులు తెర మీద ఒకలా, కాగితం మీద ఒకలా రావడానికి కారణం సిరాలకు అంత గాఢత అందకపోవడం. సీతాఫలం రంగు గాఢత తక్కువ కాబట్టి నాలుగు సిరాల పరిధిలోనే హాయిగా ఉంటుంది. లెక్క ప్రకారం నడిమి రంగుకు సయాన్ 4, మెజెంటా 0, పసుపు 46, నలుపు 42 శాతం దగ్గర మొదలుపెట్టవచ్చు.

భయమంతా కాస్త అటూ ఇటూ కావడంతోనే. సయాన్ నాలుగైదు శాతం పెరిగితే పచ్చ ఎక్కువై ఆసుపత్రి తెర రంగవుతుంది. మెజెంటా పెరిగితే ఖాకీ అవుతుంది. గాఢమైన రంగులో ఈ మార్పు తెలియదు, దీనిలో దాగదు. ప్రెస్సువారిని ముందుగా ఒక నమూనా అచ్చు అడగండి, దాన్ని బయట నీడలో నిలబడి చూడండి. నునుపు కాగితం కన్నా గరుకు కాగితం మీద ఈ రంగు బాగా ఒదుగుతుంది. గరుకు కాగితం సిరాను పీల్చుకుని రంగును కొంచెం ముదురు చేస్తుంది కాబట్టి నలుపును ఐదారు శాతం తగ్గించి పంపండి.

ఫ్లెక్సీకి నేను దీన్ని వద్దనే చెబుతాను. మధ్యాహ్నపు ఎండలో ఇది తేలిపోతుంది, చుట్టూ ఉన్న ఎర్ర, నీలి ఫ్లెక్సీల నడుమ ఎవరికీ కనబడదు.

9. గోడలకు

ఇంట్లో వేసేటప్పుడు వెలుతురే అంతా. 6500 కెల్విన్ తెల్ల ట్యూబులైటు కింద దీనిలోని పచ్చ, బూడిద పైకి వచ్చి గది దిగులుగా ఉంటుంది. 2700 నుంచి 3000 కెల్విన్ బల్బు కింద పసుపు పైకి వస్తుంది. గదిలో లైట్లు మార్చే ఉద్దేశం లేకపోతే ఉన్న లైట్ల కిందే నమూనా చూడాలి. దుకాణంలోని రంగుల కార్డు చూసి డబ్బా కొనకండి. కార్డులోని చిన్న ముక్క కన్నా గోడంత రంగు గాఢంగా తోస్తుంది. అందుకని మీకు నచ్చిన దానికన్నా ఒక మెట్టు లేతది తీసుకుని, రెండడుగుల చదరం అట్ట మీద రెండు పూతలు వేసి, దాన్ని గదిలో నాలుగు గోడలకూ ఆనించి ఉదయం, రాత్రి చూడండి.

నేల తాండూరు బండ అయితే దాని రంగు గమనించండి. నీలి బండ మీద సీతాఫలం రంగు గోడ కొంచెం చల్లబడుతుంది, మట్టిరంగు చాప గానీ దుప్పటి గానీ పరిస్తే సరిపోతుంది. పసుపు బండ అయితే ఏమీ చేయనక్కర్లేదు. గుమ్మాలకు, కిటికీలకు టేకు రంగు పాలిష్ ఉంచేయండి, తెల్ల ఎనామిల్ వేయకండి. పైకప్పుకు మీగడ రంగు వేయండి.